కొలిచిన మందు – తూచిన మందు

తెలుగులో కొలుచుట వేరు, తూచుట వేరు. మన పెద్దలు వడ్లను కుంచంతో కొలిచేవారు, బెల్లాన్ని తక్కెడలో తూచేవారు. నూనెను గిద్దెతో కొలిచేవారు, బంగారాన్ని గురువింద గింజలతో తూచేవారు. ఉర్దూ చదివిన విద్యార్థులు ఫిఖహ్ గ్రంథాలలో ‘కైల్’ అనీ ‘వజన్’ అనీ రెండు మాటలు చూచి ఉంటారు. కొలపాత్రతో చెల్లే సరుకులు ఒక జాతి, తూనికతో చెల్లే సరుకులు మరొక జాతి అని ఆ శాస్త్రం విడదీసింది. లీటర్లు, కిలోగ్రాములు వచ్చిన తరువాత ఈ భేదం మన బజారులో చాలావరకు మాసిపోయింది. అది అమెరికాలోని ఒక ఇంటి గ్యారేజీలో, తూటాలు నింపుకొనే బల్లమీద, చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నదని తెలిసినప్పుడు మేము విస్మయం చెందినాము.

మా అక్కగారి కుమారుడు టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ, సెలవుదినాలలో గురిపందేలకు వెళ్తుంటాడు. అతనికి ఒక రైఫిలు, ఒక రివాల్వరు ఉన్నవి. కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చుకొని, ఇంట్లోనే తిరిగి నింపుకొంటాడు. ఆ దేశంలో ఇది వడ్రంగం వంటి ఒక వ్యాసంగం. ఒకనాడు ఫోనులో అడిగినాడు: “మామూజాన్, మందు పోసే యంత్రం కొనాలనుకొంటున్నాను. చేతితో తిప్పేది కొనమంటారా, ఎలక్ట్రానిక్‌ది కొనమంటారా? మీరు ఇన్నేండ్లు త్రాసుల దగ్గర నిలబడినవారు కదా!” మేము తుపాకి పట్టినవారము కాము. అయితే ప్రయోగశాలలో త్రాసు ముల్లు వంక చూచిన గంటలు తక్కువ కాదు. కనుక ప్రశ్న మాకు పరాయిదనిపించలేదు.

మన విద్యార్థులు ఒక సంగతి గుర్తుంచుకోవలె. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయుట నేరం. ఇక్కడ చెప్పబోయేది అక్కడి బల్లమీది విషయం. మన పనికి వచ్చేది అందులోని తూనికల శాస్త్రం మాత్రమే.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న మూకుడు వంటి ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. పేలిన పిదప గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు చెడిపోతుంది. ఖరీదైన ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. దానిని శుభ్రపరచి, అచ్చులో నొక్కి మునుపటి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, కొత్త మందు, కొత్త గుండు పెట్టుటయే రీలోడింగు. తక్కిన పనులన్నీ అచ్చుల పనులు. అచ్చు సరిగా ఉంటే చేయి తప్పినా పని తప్పదు. మందు పోయుట మాత్రం అట్టిది కాదు.

ఇక్కడ మన భాషలోని ఒక చమత్కారం చెప్పక తప్పదు. రోగికిచ్చేదీ మందే, తుపాకిలో పోసేదీ మందే. ఉర్దూలో దవా వేరు, బారూదు వేరు. తెలుగువాడు రెండింటినీ ఒక్క మాటతో పిలిచినాడు. ఎందుకు పిలిచినాడో పండితులు చెప్పవలె గాని, రెండింటికీ మోతాదు ఉన్నదన్న మాట వాస్తవం.

అమెరికాలో ఆ మోతాదును గ్రెయిన్లలో లెక్కిస్తారు. గ్రెయిను అంటే గింజ. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు. ఈ గింజ మనకు కొత్తది కాదు. 1833లో ఈస్టిండియా కంపెనీవారు తులాన్ని స్థిరపరచినప్పుడు 180 గ్రెయిన్లుగానే స్థిరపరచినారు. నాటి వెండి రూపాయి బరువు కూడ అంతే. కనుక ఒక తులం సుమారు 11.66 గ్రాములైనది; తులంలో 96వ వంతైన రత్తీ రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ. మన కంసాలి గురువింద గింజతో తూచిన బంగారమూ, మా మేనల్లుడు తూచే మందూ ఒకే స్థాయి తూకాలన్నమాట. రివాల్వరు తూటాకు మూడు నాలుగు గ్రెయిన్ల మందు చాలు, అనగా రెండు గురువింద గింజల ఎత్తు. రైఫిలు తూటాకు నలభై గ్రెయిన్లు దాటవచ్చును.

ఇక యంత్రాల సంగతి. చేతితో తిప్పే యంత్రం నిజానికి తూచదు, కొలుస్తుంది. పైన మందు నింపే గొట్టపు తొట్టి, దాని కింద అడ్డంగా తిరిగే ఇనుప డోలు. ఆ డోలులో ఒక గుంట. పిడిని ఒకవైపు తిప్పితే గుంట తొట్టి కిందికి వచ్చి మందుతో నిండుతుంది. మరొకవైపు తిప్పితే ఆ నిండిన మందు కింది గొట్టంలో పడుతుంది. గుంట లోతును మరతో తగ్గించవచ్చు, పెంచవచ్చు. ఇంతే. విద్యుత్తు లేదు, అంకెలు లేవు. ధర వంద డాలర్లకు అటూ ఇటూ. లైమన్ కంపెనీవారి 55వ నంబరు కొలయంత్రం, కాలిఫోర్నియాలోని ఓరోవిల్లెలో 1943లో పుట్టిన ఆర్‌సీబీఎస్ వారి యూనిఫ్లో ఈ జాతివే. సంరక్షణ తెలిసినవారి ఇంట ఇవి తండ్రి నుండి కొడుక్కు సంక్రమిస్తాయి.

దీనిని మేము కుంచం అంటున్నాము, వేళాకోళానికి కాదు. కుంచం ఎవరి చేతిలో ఉన్నదన్న దానినిబట్టి వడ్లు మారుతాయని పల్లెలో పుట్టిన ప్రతివారికీ తెలుసు. కుదిపి కొలిస్తే కొనేవానికి లాభం, పైపైన జారవిడిచి తలకొట్టితే అమ్మేవానికి లాభం. కుంచం అదే, గింజలు అవే. మధ్యనున్న గాలి మారింది. డోలు యంత్రం కూడ అంతే. పిడిని ఒకసారి మెల్లగా, ఒకసారి విసురుగా తిప్పితే మోతాదు మారుతుంది. తొట్టిలో మందు మట్టం బాగా తగ్గితే పైబరువు తగ్గి గుంట వదులుగా నిండుతుంది. అందుకని తొట్టిలో అడ్డురేకు పెట్టి ఆ బరువును సమం చేస్తారు. బల్లను ఎవరైనా గుద్దుకొన్నా తేడాయే.

మందు ఆకారాన్నిబట్టి కూడ ఈ యంత్రం స్వభావం మారుతుంది. ఆవగింజ వలె గుండ్రనైన మందు నీరువలె జారి, ప్రతిసారి ఒకే తీరున నిండుతుంది. పుల్లల వలె పొడవైన పలుకులున్న మందు గుంటలో అడ్డదిడ్డంగా పడుతుంది. డోలు తిరిగేటప్పుడు అంచున చిక్కిన పలుకులు నలిగి తెగుతాయి. ఆ తెగుట చేతికి ‘కరకర’మని తెలుస్తుందట. అట్టి మందుతో ఒక మోతాదుకూ మరొక మోతాదుకూ గ్రెయినులో కొన్ని పదోవంతులు తేడా రావచ్చును.

ఇందుకు పాత విరుగుడు దండెత్రాసు. యంత్రంతో కొంచెం తక్కువ పోసి, త్రాసు పళ్ళెంలో ఒక్కొక్క పలుకే రాల్చి సరిచేసుకొనుట. ఈ త్రాసు మన విద్యార్థులకు చిరపరిచితం. 1907లో న్యూజెర్సీలో మొదలైన ఓహాస్ కంపెనీ పేరు మన కళాశాలల మూడుదండెల త్రాసులపై ఉంటుంది గదా! ఆ కంపెనీయే ఆర్‌సీబీఎస్ వారికి మందు త్రాసులు చేసి ఇచ్చినది. అంచుగల ఉక్కు కత్తి అకీకు రాతిపై ఆనుతుంది. దండె చివరనున్న రాగిరేకు అయస్కాంతాల నడుమ కదిలి, అందులో పుట్టే సుడివిద్యుత్తు చేత ఊగుట త్వరగా ఆగుతుంది. లెంజ్ నియమాన్ని పరీక్షకోసం వల్లించినవారు అది ఇంత వినయంగా పనిచేసే చోటు చూడవలె. ఇది బరువును బరువుతోనే పోల్చే సాధనం గనుక దానిని హైదరాబాదులో ఉంచినా, టెక్సాసులో ఉంచినా, భూమ్యాకర్షణలో తేడా దానిని బాధించదు. బాధించేది కాలహరణమే. యాభై తూటాలకు ఒక సాయంకాలం గడిచిపోతుంది.

ఎలక్ట్రానిక్ యంత్రం ఆ సాయంకాలాన్ని తిరిగి ఇస్తానంటుంది. అంకె నొక్కితే చాలు. తిరిగే గొట్టం మందును మొదట ధారగా, చివర పలుకులుగా పళ్ళెంలో రాల్చి, కోరిన బరువు రాగానే ఆగిపోతుంది. సామాన్యమైన వాటిలో పళ్ళెం కింద లోహపు కడ్డీ, దానికంటించిన సన్నని తీగల అల్లిక ఉంటాయి. బరువుకు కడ్డీ వంగితే తీగ సాగి, దాని నిరోధం మారుతుంది. ఆ మార్పును వీట్‌స్టన్ వంతెన పట్టుకొంటుంది. 1938లో అమెరికాలో సిమ్మన్స్, రూజ్ అను ఇద్దరు వేర్వేరుగా కనిపెట్టిన ఉపాయమిది. ఈ యంత్రాల హామీ సాధారణంగా గ్రెయినులో పదోవంతు అటూ ఇటూ, అనగా ఆరున్నర మిల్లీగ్రాములు. మరికొన్ని విద్యుదయస్కాంత బలంతో పళ్ళెాన్ని నిలిపి తూచేవి. అవి ఒక మిల్లీగ్రామును కూడ గుర్తిస్తాయి. మొదటిరకం కొన్ని వందల డాలర్లు, రెండవరకం సరంజామాతో కలిపి వెయ్యికి పైమాట.

అయితే ఇది బరువును బరువుతో పోల్చదు. ఒక వంపును చూచి బరువును ఊహిస్తుంది. ఊహించేవాడికి అప్పుడప్పుడు గుర్తుచేయవలె గదా. కనుక ఉన్నచోటనే పడికట్టు రాయి పెట్టి దానికి పాఠం చెప్పవలసి ఉంటుంది. వేడెక్కేవరకు కొంతసేపు ఆగవలె. ఏసీ గాలి తగిలితే అంకె కదులుతుంది, మొబైలు ఫోను పక్కన పెడితే కదలవచ్చు, పొడిగాలిలో పుట్టిన స్థిరవిద్యుత్తు పలుకులను పళ్ళెం అంచుకు అంటిస్తుంది. వీటన్నిటికన్న సూక్ష్మమైన చిక్కు మరొకటి గలదు. అంకె తనంతట తాను నెమ్మదిగా జారుతుంటే దానిని మరల సున్నాకు తెచ్చుకొనే ఏర్పాటు ఎన్నో త్రాసులలో ఉంటుంది. మన వర్తకులు పాసంగం చూచుకొన్నట్లే ఇది. అయితే అట్టి త్రాసుపై చేతితో ఒక్కొక్క పలుకే మరీ నిదానంగా రాల్చితే, ఆ పెరుగుదలను కూడ త్రాసు తన జారుడుగానే భావించి దిగమింగవచ్చును. పలుకులు పడుతుంటాయి, అంకె కదలదు. పళ్ళెాన్ని ఒకసారి ఎత్తి మరల పెట్టితే గాని నిజం బయటపడదు.

నల్లమందును, అనగా మన పూర్వులెరిగిన పాత తుపాకి మందును, ఈ విద్యుత్ యంత్రాలలో పోయరాదని తయారీదారులే హెచ్చరిస్తారు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ మందును నేటికీ పరిమాణంతో కొలిచే వాడుతారు.

త్రాసు చరిత్రలో మాకు మిక్కిలి ఇష్టమైన కథ ఒకటి ఉన్నది. అల్-ఖాజినీ అను విద్వాంసుడు మర్వ్ నగరంలో, సుల్తాన్ సంజర్ కాలంలో, 1121లో ‘మీజానుల్ హిక్మ’ అను గ్రంథం వ్రాసినాడు. జ్ఞానపు త్రాసు అని దాని అర్థం. లోహాల కల్తీని నీటిలో తూచి పట్టుకొనే ఐదు పళ్ళెాల త్రాసును అందులో వర్ణించినాడు. ఆయనకు ముందు అల్-ఇస్ఫిజారీ అట్టి త్రాసునే ఎంతో శ్రమించి నిర్మించగా, తన మోసం బయటపడునన్న భయంతో రాజు కోశాధికారి దానిని పగులగొట్టించినాడనీ, ఆ దుఃఖంతోనే ఇస్ఫిజారీ మరణించినాడనీ చెబుతారు. తూకంలో మోసం చేసేవారి పేరిట ఖురానులో ఒక సూరా ఉన్నదని ముస్లిం విద్యార్థులకు తెలిసినదే. అయితే ఈ కథలన్నిటిలో మోసగించేవాడొకడు, మోసపోయేవాడొకడు. తూటాల బల్లముందు కూర్చున్నవాడు తనకు తానే తూచుకొంటాడు. కోశాధికారీ తానే, రాజూ తానే.

మేనల్లుడి ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేదు. “ఎలక్ట్రానిక్‌ది ఎందుకు కావాలనుకొంటున్నావు?” అని అడిగినాము. అప్పుడు అసలు సంగతి బయటపడింది. అతనితోపాటు గురిపందేలకు వచ్చే ఒక పెద్దమనిషి రివాల్వరు కొన్ని నెలల క్రిందట చేతిలోనే పగిలింది. తూటాల గుండ్రటి అర చీలి, పైపట్టీ విరిగింది. కన్ను దక్కింది గాని కుడిచేతి రెండు వేళ్ళు వంగవు. అది చూచినప్పటినుండి మా అక్క కోడలు ఆ గ్యారేజీ తలుపు మూసివేయమంటున్నదట. “కచ్చితమైన యంత్రం తెస్తానని ఆమెకు మాట ఇచ్చినాను మామూ” అన్నాడు.

“ఆయన దేనితో పోసినాడు?” అని అడిగినాము.

“ఎలక్ట్రానిక్ యంత్రంతోనే. ప్రతి మోతాదూ తూచినాడు. నడుమ ఎవరో పిలిస్తే లేచి వెళ్ళినాడు. తిరిగివచ్చి, మందు పోసిన గొట్టంలోనే మరల పోసి ఉంటాడని అందరూ అనుకొంటున్నారు.”

ఈ మాట మమ్ములను చాలాసేపు వదలలేదు. ఆ గొట్టంలో పడిన రెండు మోతాదులూ సరిగా తూచినవే! పదోవంతు గ్రెయిను తేడా లేకుండా తూచినవి. యంత్రం తన పళ్ళెంలో ఉన్నదానికే సాక్ష్యం చెబుతుంది. పళ్ళెం ఖాళీచేసి ఏ గొట్టంలో కుమ్మరించినామో దానికి తెలియదు. మూడు నాలుగు గ్రెయిన్ల మందు రివాల్వరు గొట్టం అడుగున ఎక్కడో ఉంటుంది. ఆ గొట్టంలో అట్టి మోతాదులు రెండు కాదు, మూడైనా పడతాయి. రైఫిలు గొట్టం అట్లు కాదు. దానికి తగిన మందు ఒక్క మోతాదుకే మెడదాకా వస్తుంది. రెండవది పోస్తే బల్లమీద ఒలికి తానే గుట్టు విప్పుతుంది.

ఇందులోని వింత చూడండి. దూరపు గురికి మోతాదు సమంగా ఉండవలె. వెయ్యి గజాల దూరం కాల్చేవారికి వేగంలో సెకనుకు పది అడుగుల తేడా కూడ గుండును కిందికో పైకో లాగుతుంది. కనుక వారు పలుకులు లెక్కపెట్టినంత పని చేస్తారు. ఆ రైఫిలు గొట్టంలోనేమో రెట్టింపు మందు పట్టనే పట్టదు. సూక్ష్మత్వం అవసరమైన చోట ప్రాణభయం తక్కువ. ప్రాణభయం ఉన్న రివాల్వరు తూటాకు, పాతిక గజాల గురికి, పదోవంతు గ్రెయిను సూక్ష్మత్వంతో ఒరిగేది లేదు. మా మేనల్లుడు ఒక భయానికి మరొక దాని మందు కొనబోతున్నాడు.

పైగా 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ పందేలలో, అనగా బల్లపై రైఫిలును ఆనించి ఐదు గుండ్లను ఒకే రంధ్రంలో పంపుటకు పోటీపడే చోట, నిష్ణాతులు ఎన్నో ఏండ్లుగా డోలు యంత్రంతోనే, తూచకుండా, మైదానంలోనే మందు పోసుకొని రికార్డులు సాధించినారు. వారి చేయి ప్రతిసారి ఒకే తీరున తిరుగుతుంది. అంత దగ్గరి దూరంలో మిగిలిన కొద్ది తేడా కాగితంపై కనబడదు. ఈ సంగతి అతనికే తెలుసు. మాకు అతడే ఒకప్పుడు చెప్పినాడు. భయంలో మరచినాడు.

అందుచేత మేము చెప్పినది ఇది. రివాల్వరుకు డోలు యంత్రమే కొనుము. గుండ్రని పలుకుల మందు దానిలో చక్కగా జారుతుంది. యాభై గొట్టాలను చిల్లుల పలకలో నిలబెట్టి వరుసగా పోయుము, నడుమ ఎవరు పిలిచినా వరుస పూర్తిచేసి లెమ్ము. గుండు పెట్టుటకు ముందు దీపం వంచి యాభై గొట్టాలలోకీ ఒకేసారి చూడుము. ఒక దానిలో మట్టం ఎక్కువైనా తక్కువైనా పక్కవాటి నడుమ అది దాగదు. పళ్ళెంతో ఒక్కొక్కటి తూచి పోసి వెంటనే గుండు బిగించేవానికి ఈ పోలిక దొరకదు. సాధ్యమైతే గొట్టంలో సగానికి మించి నిండే తేలికపాటి మందును, తయారీదారుల పట్టికలో ఆ తూటాకు చెప్పినదానినే, ఎన్నుకొనుము. అప్పుడు రెండవ మోతాదు పొంగిపోతుంది. బల్లపై ఒక్క మందు డబ్బాయే ఉండవలె. పని ముగియగానే తొట్టి ఖాళీ చేయవలె. కొన్ని మందులలోని నైట్రోగ్లిజరిన్ ప్లాస్టిక్ తొట్టిని కూడ తినివేస్తుంది, పైగా మరునాడు అందులో ఏ మందు ఉన్నదో గుర్తుండదు.

రైఫిలుకు, పుల్లల మందుకు, డబ్బు ఉంటే ఎలక్ట్రానిక్‌ది కొనవచ్చును. అక్కడ దాని శ్రమ సార్థకం. ఏది కొన్నా పాత దండెత్రాసును అటకెక్కించవద్దన్నాము. పది మోతాదులకొకటి దానిపై పెట్టి చూడవలె. పడికట్టు రాళ్ళ పెట్టె వచ్చేలోపల ఏమి చేయాలని అడిగినాడు. అమెరికా ఐదు సెంట్ల నాణెం సరిగా 5 గ్రాములు, అనగా 77.16 గ్రెయిన్లు, కొత్త నాణెం ఒకటి గుడ్డలో చుట్టి ఉంచుమన్నాము. అరిగిన నాణెం పనికిరాదు, కొత్తదైనా స్థూల పరీక్షకే. మన తాతలు రూపాయి బిళ్ళను తులం రాయిగా వాడినారు. మనుమడు టెక్సాసులో అదే పని చేయుట మాకు ముచ్చటగా తోచింది.

కోడలికి ఈ వాదన అంత రుచించలేదు. “కొత్త యంత్రం తెస్తానని పాతకాలపుదే తెచ్చినారు” అన్నదట. తరువాత ఆమెయే ఒక షరతు పెట్టింది: దీపం పట్టి గొట్టాలు చూచుట భర్త ఒక్కడి పని కారాదు, రెండవ జత కళ్ళు ఉండవలె. ఆ పని పదహారేండ్ల కొడుకుకు అప్పగించినారు. గుండు బిగించే ముందు వాడు వచ్చి, తండ్రి దూరంగా నిలబడగా, వరుసలు చూచి ‘సరే’ అని కాగితంపై సంతకం చేయవలె. రైఫిలు యంత్రం సంగతి మరుసటి సంవత్సరానికి వాయిదాపడింది.

పోయిన నెలలో ఆ కాగితం ఫోటో మాకు పంపినాడు. నాలుగు వరుసలకు సంతకాలున్నవి. ఐదవదాని ఎదుట కుర్రవాని వ్రాతలో, “మూడవ గొట్టం ఖాళీ, నాన్నకు చూపించినాను” అని ఉన్నది.